ముఖాలకు ఉద్వాసన

సీటు లేదని చెప్పిన నోటితోనే పెంచలకృష్ణ గారు కేకు కావాలని అడిగారు. ఆ రెండు మాటల నడుమ పదకొండు రోజులు గడిచాయి గనుక మొదటి మాట ఆయనకు జ్ఞాపకం లేకపోవడంలో వింత లేదు. సుభాషిణికి మాత్రం అది అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకం ఉంది.

పెంచలకృష్ణ గారు తోటపల్లి గూడూరులో ఒక ఇంగ్లీషు బడికి కరస్పాండెంటు. సుభాషిణి అదే ఊళ్లో, రొయ్యల గుంటల వైపు పోయే దారిలో, చిన్న బేకరీ నడుపుతుంది. బడికీ బేకరీకీ మధ్య నూరడుగుల దూరం. ఆమె కూతురు మహాలక్ష్మికి తొమ్మిదేళ్లు. మూడో ఏట నెల్లూరు వైద్యులు పాపకు ఆటిజమని చెప్పారు. పాప లోకాన్ని చూసే తీరు, వినే తీరు వేరని, ఆ తీరును మనమే నేర్చుకోవాలని కూడా చెప్పారు. తల్లి నేర్చుకుంది. మహాలక్ష్మికి సొంత మాటలు తక్కువ. విన్న మాటలను విన్న గొంతుతోనే, తనకు తగునని తోచిన చోట పలుకుతుంది. వేదం చెప్పుకునే శిష్యుడు స్వరం తప్పకుండా గురువుకు అప్పగించినట్లు.

ఆ పాపకు బడి అంటే ఎంత ఇష్టమో నోటితో చెప్పలేదు. ప్రతి ఉదయం ప్రార్థన వేళకు వెళ్లి బడి గేటు బయట నిలబడేది. లోపల పిల్లలు వరుసలు కట్టేవారు. ఆ వరుసల్లో ఒకదానికి సూటిగా, కమ్మీలకు ఇవతల, తన చెప్పులను సర్దుకొని అందులో తానూ ఒకతెగా నిలిచేది. ప్రార్థన ముగిసి పిల్లలు లోపలికి పోయాక కూడా చాలాసేపు అక్కడే ఉండేది.

ఆ చెప్పులను చూసిన మీదటే సుభాషిణి బడికి వెళ్లి సీటు అడిగింది. పెంచలకృష్ణ గారి గదిలో మహాలక్ష్మి ఆయన పెన్నులను పొడవు ప్రకారం పేర్చింది. అంతవరకూ బాగానే ఉంది. అంతలో కరెంటు గంట మోగింది. పాప చెవులు మూసుకొని బల్ల కిందికి దూరింది.

"చూస్తివి గదమ్మా," అన్నారాయన, కాళ్లు పైకి ముడుచుకుంటూ. "మిగతా పిల్లల తల్లిదండ్రులు ఊరుకుంటారా? మా బడిలో ఇట్లాంటి పిల్లలకు సీటు లేదు. ఏమనుకోవద్దు."

ఇది మొదటి మాట. రెండవది ఆయన బేకరీ మెట్లెక్కి, చల్లని బాదంపాలు తాగుతూ చెప్పారు.

"సుభాషిణమ్మా! ఏప్రిల్ రెండో తేదీ ప్రపంచ ఆటిజం అవగాహన దినమంట. నెల్లూరులో అన్ని బడులూ చేస్తా ఉండాయి. మనం గ్రాండుగా చేయాల. డాక్టర్ కామాక్షి గారు చీఫ్ గెస్టు. పెద్ద కేకు కావాల. చూస్తేనే జనానికి అవగాహన వచ్చేయాల, అట్ల ఉండాల!"

సుభాషిణి ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో హాస్యం గాని, సంకోచం గాని లేదు. పక్కనే మహాలక్ష్మి ఖాళీ సీసాలను గోడ వెంబడి నిలబెడుతోంది.

"కేకు ఊరికే చేసిస్తా సార్. పాపకు సీటు ఇయ్యండి."

పెంచలకృష్ణ గారు బాదంపాలు ముగించి, ధర్మసూక్ష్మం విచారించే న్యాయాధిపతిలా కొంతసేపు పైకప్పు వంక చూశారు.

"సరే. ఒక పని చేద్దాం. ఆ రోజు స్టేజీ మీద పాపను నిలబెట్టు. పది నిమిషాలు. అరవకూడదు, చెవులు మూసుకోకూడదు, చేతులు ఊపకూడదు. మామూలు పిల్లలాగా బుద్ధిగా ఉండాల. ఉన్నిందంటే జూన్‌లో సీటు ఇస్తా."

ఆటిజం అంటే ఏమిటో ఊరికి తెలియజెప్పే సభలో, అది ఉన్న ఒక్క పిల్లా అది ఉన్నట్టు ఎవరికీ తెలియనీయకుండా నిలబడాలి. ఇంత లోతైన షరతు పెట్టినందుకు ఆయనకేమీ గర్వం కలగలేదు. మంచివాళ్లకు తమ మంచితనం తెలియదు. సుభాషిణి ఒప్పుకుంది. పది నిమిషాల సంగతి ఆమెకు ఒక ధైర్యం ఉంది.

ఆ ధైర్యం పొయ్యి పక్కన ఉండే పసుపుపచ్చని టైమరు. తిప్పి పెడితే టిక్కుటిక్కుమంటూ నడిచి, వేళ కాగానే 'టింగ్' అంటుంది. గంటలంటే బెదిరే మహాలక్ష్మి దానికి మాత్రం బెదరదు. అది ఎప్పుడు మోగేదీ తనకు ముందే తెలుసు గనుక. ముల్లు తిరుగుతున్నంతసేపూ పాప దాని ఎదుట కదలకుండా నిలబడుతుంది. మోగాక ఆమె పని మొదలవుతుంది. పుట్టినరోజు కేకుల మీద పెట్టే, తినడానికి వీలైన ఫొటోలను సుభాషిణి సముద్రపు ఉక్కకు కరిగి జారిపోకుండా గట్టి చక్కెర పలకల మీద అతికించి ఆరబెడుతుంది. ఆరడానికి పెట్టిన గడువు కాగానే మహాలక్ష్మి క్రీము పూసే చదును కత్తిని పలక కిందికి పోనిచ్చి, అంచు చెదరకుండా పైకెత్తి తల్లి చేతిలో పెడుతుంది. ఆ పనిలో ఒక్క పలక కూడా విరిగి ఎరుగదు.

ఇక కేకు. సుభాషిణి మూడు రోజులు ఆలోచించింది. కోడూరు తీరాన కూతురు గవ్వలను ఏరి తడి ఇసుకలో పేర్చే తీరు ఆమె కళ్లలో మెదిలింది. కేకు పైభాగమంతా ఇసుక రంగు క్రీము పూసి, దానిమీద చక్కెర గవ్వలను వరుసలు వరుసలుగా అమర్చింది. ఒక్క గవ్వను మాత్రం ఎదురు దిక్కుకు తిప్పి పెట్టింది. అందరిలో ఒకరు వేరు, అయినా వరుసలో చోటు ఉంది. చూసిన వారికి ఆ భావం తట్టాలని. నమూనా సిద్ధం చేసి చేతులు కడుక్కొని వచ్చేసరికి మహాలక్ష్మి ఆ గవ్వను తిన్నగా తిప్పేసింది. తల్లి మళ్లీ తిప్పింది. కూతురు మళ్లీ సరిచేసింది. తన కోసం పెట్టిన సంకేతాన్ని తానే అంగీకరించని పిల్లతో వాదించి లాభం లేదని సుభాషిణి ఊరుకుంది. నిజానికి ఆ వరుసలు పాప చేతిలోనే బాగా కుదిరాయి. వరుసకూ వరుసకూ నడుమ నూలు పట్టినట్లు సన్నని దారి.

నాలుగో రోజు పెంచలకృష్ణ గారు వచ్చి చూశారు.

"బాగుంది. మనుషులేరి?"

"మనుషులెందుకు సార్?"

"దాతల ఫొటోలు పెట్టొద్దా? బుచ్చిరెడ్డిపాలెం గంగాధరం గారు షామియానా వేయిస్తా ఉండారు. రొయ్యల మేత హజరత్తయ్య కూల్‌డ్రింకులు పంపిస్తా ఉండాడు. చీఫ్ గెస్టు మేడమ్ ఎట్లా ఉండాల. ఇంక బడి నాది. నలుగురివీ పెట్టు."

"అప్పుడు గవ్వలు కనపడవు సార్."

"కనపడకపోతే ఏమి? ఉండాయి గదా లోపల."

వేదాంతులు పరమాత్మ గురించి చెప్పే మాట ఆయన గవ్వల గురించి చెప్పారు. సుభాషిణి గవ్వలు నలగకుండా మూలమూలకూ చిన్న చక్కెర దిమ్మలు నిలిపి, వాటిమీద నాలుగు పలకలు మోపింది. నాలుగు ముఖాలూ కలిసి కేకునంతా ఆక్రమించాయి. అడుగున మిగిలిన జానెడు అంచులో 'ఆటిజం అవగాహన దినోత్సవం' అని నీలి అక్షరాలు ఒదిగి కూర్చున్నాయి.

ఏప్రిల్ రెండవ తేదీ ఉదయం పదకొండు గంటలకే ఎండ నిప్పులు చెరుగుతోంది. బడి ఆవరణలో షామియానా కింద పిల్లలు, తల్లిదండ్రులు కూర్చున్నారు. ఆ బడిలో ఒక క్రమశిక్షణ ఉంది: కరస్పాండెంటు గారు చప్పట్లు మొదలుపెట్టనిదే ఎవరూ మొదలుపెట్టరాదు. వేదికకు రెండు పక్కలా ఎనమండుగురు పెద్ద తరగతి పిల్లలు రంగుకాగితాలు చిమ్ముతూ ఢామ్మని పేలే గొట్టాలు పట్టుకొని నిలబడ్డారు. ఆయన చెయ్యి పైకెత్తగానే పేల్చాలని వారికి ఆజ్ఞ.

ఆ గొట్టాలు చూడగానే సుభాషిణి ఆయన దగ్గరికి పరుగెత్తింది.

"సార్, అవి వద్దు సార్. పాప తట్టుకోలేదు."

"అవి లేకపోతే ఫంక్షన్ అనిపించదమ్మా. ఒక్క నిమిషం గదా. నువ్వే సర్దిచెప్పు."

సుభాషిణి పాప చెవుల్లో దూది పెట్టి, జుట్టు మీదికి వదిలి దువ్వి, వేదిక ఎక్కించింది. డాక్టర్ కామాక్షి గారు కుర్చీలో కూర్చోగానే టైమరును పది దగ్గరికి తిప్పమని కూతురికిచ్చి, కేకు పక్కన పెట్టించింది. ముల్లు నడవసాగింది. మహాలక్ష్మి దానిమీద చూపు నిలిపి నిలబడింది. తల్లి మెట్ల దగ్గరే ఉండిపోయింది. ఢామ్మని పేలితే పాప ఏ బల్ల కిందికి దూరుతుందో, ఆ పైన ఏ గేటు బయట ఎన్నేళ్లు నిలబడుతుందో ఆమెకు తెలుసు.

స్వాగతం నాలుగు నిమిషాలు. డాక్టరమ్మ లేచి కత్తి అందుకున్నారు. పెంచలకృష్ణ గారి చెయ్యి పైకి లేవబోయింది.

"అమ్మా, అమ్మా, ఆగండి!" గంగాధరం గారు కుర్చీలోంచి లేచారు. "అక్కడ నేనుండా!"

డాక్టరమ్మ ఆయన వంక చూశారు. "మీరు ఇక్కడున్నారు కదండీ?"

"ఈడ నేను, ఆడ నా ముఖం. బతికుండే మనిషి బొమ్మ మీద కత్తి పెట్టకూడదు తల్లీ. మా మేనమామ ఫొటో ఇట్నే మధ్యకు చినిగితే ఆరు నెలలు మంచం దిగలేదు."

ఆ మాటతో వేదిక మీద గాలి మారిపోయింది. అంతవరకూ తమ ముఖాలను మురిపెంగా చూసుకుంటున్నవారు ఇప్పుడు బలిపీఠం మీద చూసుకున్నారు.

"అయితే సార్ మీద పెట్టండి," అన్నాడు హజరత్తయ్య. "సభ సార్‌ది, బడి సార్‌ది."

"నా మీద ఎందుకన్నా? మొన్ననే జాతకం చూపిస్తే లోహగండం ఉండాదన్నారు. నీ మీద పెట్టించుకో."

"నా మీదనా!"

"రొయ్యల తలలు తీసేది నీకు అలవాటే గదయ్యా," అన్నారు గంగాధరం గారు.

"తలలు తీసేది కంపెనీవాళ్లన్నా. నాది మేత యవ్వారం వరకే!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, "పోనీ, నా ముఖం మీదే కోస్తాను. నాకేం పట్టింపు లేదు," అన్నారు.

ముగ్గురూ ఒక్క గొంతుతో కేకవేశారు. లక్ష్మీదేవిలాంటి ఆడబిడ్డ ముఖం మీద కత్తా! అది ఊరంతటికీ అరిష్టం! కేకును ఇటు తిప్పమని ఒకరు, అటు తిప్పమని ఒకరు. 'నేనుండా, నేనుండా' అని గంగాధరం గారు అదే మాట పదేపదే. ఆ హడావిడిలో తన కుర్చీ చోటు మారినందుకు హజరత్తయ్యకు కోపం. ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడడం లేదు. ఆటిజం లక్షణాలివి అంటూ బడివారు పంచిన కరపత్రం సుభాషిణి చేతిలో ఉంది. ఒకే మాట మళ్లీ మళ్లీ అనడం, చోటు మారితే సహించకపోవడం, కళ్లలోకి చూడకపోవడం అని అందులో అచ్చువేశారు. వేదిక మీద అవన్నీ ఒక్కొక్కటే కనిపిస్తున్నాయి. కనిపించనిది మహాలక్ష్మిలోనే. పాప ముల్లును చూస్తూ దీపస్తంభంలా నిలిచి ఉంది. గొట్టాలు పట్టుకున్న పిల్లలు నొప్పిపుట్టి చేతులు మార్చుకుంటున్నారు.

చివరికి దారి హజరత్తయ్యకు దొరికింది.

"కింద అక్షరాలుండాయి గదన్నా. ఆడ ఎవురి ముఖమూ లేదు. దాని మీద కోసేస్తే ఎవురికీ దోషం లేదు."

అందరి ముఖాలూ వికసించాయి. అవగాహనను కోయడమే అందరికీ క్షేమమని సభ ఏకగ్రీవంగా తేల్చింది. డాక్టరమ్మ నీలి అక్షరాల వైపు అయిష్టంగా కత్తి వంచారు.

టింగ్.

పది నిమిషాలు నిండాయి. మహాలక్ష్మి అరవలేదు, చెవులు మూసుకోలేదు, చేతులు ఊపలేదు. సీటు గెలిచింది. ఆ సంగతి ఆ ఆవరణలో తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. షరతు పెట్టినవారు కత్తి దిక్కు చూస్తున్నారు.

టైమరు మోగాక పాప పని వేరు. ముక్కలు ఎత్తడానికని కేకు పక్కన పెట్టి ఉన్న చదును కత్తిని తీసుకుంది. సుభాషిణి ఒక మెట్టు ఎక్కి ఆగిపోయింది. పిలిస్తే పాప ఉలిక్కిపడుతుంది. పిలవకపోతే ఏమవుతుందో తెలియదు. పాప గంగాధరం గారి ముఖం కిందికి కత్తి పోనిచ్చింది. ఆయన ఆర్తనాదం గొంతులోనే ఉండగా పలక మెల్లగా పైకి లేచింది, మీసం వెంట్రుక చెదరకుండా. పాప దాన్ని రెండు చేతులా పట్టుకొని ఆయన ముందుకు చాచింది. ఆయన తెలియకుండానే ప్రసాదానికి పట్టినట్లు దోసిలి పట్టారు.

"జాగ్రత్తగా పట్టుకోండి. వంచొద్దు," అంది మహాలక్ష్మి.

గొంతు సుభాషిణిది. కేకు డబ్బా అందిస్తూ ప్రతి కొనుగోలుదారుకూ ఆమె చెప్పే మాట అది; ఆ మర్యాదతో, ఆ హెచ్చరికతో.

తర్వాత హజరత్తయ్య. "జాగ్రత్తగా పట్టుకోండి. వంచొద్దు." తర్వాత పెంచలకృష్ణ గారు. "జాగ్రత్తగా పట్టుకోండి. వంచొద్దు."

పూజ ముగిసి, ఆవాహన చేసిన దేవతకు ఉద్వాసన చెప్పనిదే పటం కదిలించరాదని శాస్త్రం. మనుషుల ముఖాలను కదిలించడానికి మంత్రమేమిటో అంతవరకూ ఎవరికీ తెలియదు. ఆ రోజు తెలిసింది. ముగ్గురు పెద్దలూ తమ ముఖాలను తామే దోసిళ్లలో మోస్తూ, ఎక్కడ ఒలికిపోతామోనన్నట్లు కదలక మెదలక నిలబడిపోయారు. డాక్టరమ్మ మాత్రం తన పలకను అందుకొని, చూసి నవ్వి, చెవి దగ్గర కొంచెం విరిచి నోట్లో వేసుకున్నారు. గంగాధరం గారు కళ్లు మూసుకున్నారు.

ముఖాలు తొలగిన చోట గవ్వలు కనిపించాయి. వరుసలు వరుసలుగా, ఒకదాని వెనుక ఒకటి, బడి ప్రార్థనలో పిల్లలు నిలబడినట్లు. డాక్టరమ్మ కాసేపు వంగి చూసి, రెండు వరుసల నడుమనున్న దారి వెంట కత్తిని దింపారు. ఒక్క గవ్వా చెదరలేదు.

శబ్దం లేదు. చప్పట్లు మొదలుపెట్టవలసిన వారి చేతులు ఖాళీగా లేవు. సైగ చేయవలసిన చెయ్యి సొంత ముఖం కింద ఉంది. గొట్టాల పిల్లలు ఆయన వంక చూస్తూనే ఉన్నారు. ఆయన కనుబొమలు ఎగరేశారు గాని కనుబొమలకు పేల్చమన్న ఆజ్ఞ వారికి లేదు. ఆ ఆవరణలో అంతటి నిశ్శబ్దం సెలవు రోజున కూడా ఎవరూ ఎరుగరు. ఆ నిశ్శబ్దంలో మహాలక్ష్మి చెవిలోని దూదిని తానే తీసి తల్లికిచ్చింది.

డాక్టరమ్మ మైకు పక్కకు జరిపి, మామూలు గొంతుతో మాట్లాడారు.

"ఇలాంటి సభలు చాలా చూశాను. డప్పులు, టపాకాయలు, చప్పట్లు. ఎవరి కోసం చేస్తున్నారో ఆ పిల్లలు చెవులు మూసుకొని ఏడుస్తుంటారు. ఈ రోజు చప్పట్లు కూడా లేకుండా, పెద్దల చేతులు కట్టేసి, పాప చేతే అంతా నడిపించారు. ఈ ఆలోచన ఎవరిదండీ?"

పెంచలకృష్ణ గారు ఒక్క క్షణం సందేహించారు. ఆ క్షణం మరీ పొడవైనదేమీ కాదు.

"మా బడిదేనమ్మా," అన్నారు వినయంగా.

"పాప ఏ బడిలో చదువుతోంది?"

సుభాషిణి ఆయన వంక చూసింది. సభంతా చూసింది. ఆయన తన చేతుల్లోని ముఖం వంక చూసుకున్నారు. సందర్భం తెలియని ఆ ముఖం చిరునవ్వు నవ్వుతూనే ఉంది.

"మా... మా బడేనమ్మా."

"చాలా సంతోషం. జూన్‌లో వచ్చి పాపను తరగతిలో చూస్తాను."

కేకును జనం పంచుకు తిన్నారు. ముఖాల సంగతే తేలలేదు. తిందామంటే ఆత్మభక్షణం, పారేద్దామంటే అపశకునం. గంగాధరం గారు కారులో ఏసీ వేయించి, తన ముఖాన్ని ఒళ్లో పెట్టుకొని బుచ్చిరెడ్డిపాలెం దాకా కుదుపు తగలకుండా పొమ్మని డ్రైవరుకు చెప్పారట. హజరత్తయ్య ఆ సాయంత్రం బేకరీకి ఫోను చేశాడు. "అక్కా, ఫ్రిజ్జులో పెట్టొచ్చా? చీమలు నా ముక్కు కాడికి వచ్చినాయి."

మరునాడు సుభాషిణి కూతురిని వెంటబెట్టుకొని బడికి వెళ్లింది. పెంచలకృష్ణ గారు నాలుగు దినపత్రికలు పరిచి, సభ వార్తలో తన ఫొటో వెతుకుతున్నారు.

"రా అమ్మా! మనం అనుకున్నట్టే జరిగింది చూస్తివా?"

"పాప పది నిమిషాలు నిలబడింది సార్."

"నిలబడింది సరే. తర్వాత కత్తి తీసుకునింది గదా?"

"పది అయినాకే సార్. మీరు చెప్పింది పదే. ఇంక, మేడమ్ జూన్‌లో వస్తామన్నారు."

ఆ రెండో మాటకు ఆయన సొరుగు తెరిచి ప్రవేశపు దరఖాస్తు బయటికి తీశారు. రాస్తూ రాస్తూ తలెత్తి అన్నారు.

"వచ్చే ఏడు కూడా కేకు నువ్వే చేయాల. ముఖాలు ఇంకాస్త పెద్దవి పెట్టు. గంగాధరం గారు పొద్దున్నే ఫోను చేసినారు. పాప చేతి మీదుగా ముఖం తీసుకున్నారా, సాయంత్రానికి ఆయన పాత కోర్టు వ్యవహారం రాజీకి వచ్చిందంట. ఇప్పుడు నాయుడుపేట నుంచి కూడా ఇద్దరు మా ముఖాలు పెట్టమని అడుగుతా ఉండారు."

"ఆ అక్షరాలు ఎక్కడ పెట్టేది సార్?"

"ఏ అక్షరాలు?"

సుభాషిణి సంచిలోంచి పసుపుపచ్చని టైమరు తీసి బల్ల మీద పెట్టింది.

"గంట కొట్టే వేళకు దీన్ని తిప్పి పాప ముందర పెట్టమని టీచరుకు చెప్పండి సార్. ఎప్పుడు మోగేదీ ముందే తెలిస్తే పాప బెదరదు. ఇది రాసుకోండి."

ఆయన రాసుకున్నారు. జూన్‌లో వచ్చేవారు ఆయన మనసులో కదిలారు కాబోలు, రాసినదాని కింద గీత కూడా గీశారు. దరఖాస్తు మీద ముద్ర వేశారు. ముద్ర కొంచెం వంకరగా పడింది. మహాలక్ష్మి దానికేసి చాలాసేపు చూసింది. వేసిన ముద్రను తిప్పడానికి వీల్లేదు గనుక కాగితాన్నే బల్ల అంచుకు సూటిగా జరిపి, తడి ఆరేదాకా చూసి, రెండు చేతులా పైకెత్తి తల్లికి అందించింది.

"జాగ్రత్తగా పట్టుకోండి. వంచొద్దు."

సుభాషిణి రెండు అరచేతుల మీద దాన్ని పట్టుకొని గేటు దాటింది. బేకరీ వరకూ ఉన్న నూరడుగులూ, ఎండలో, అలాగే నడిచింది.